అనసూయమ్మ గారి చిన్న యాంప్లిఫయర్

పోయిన నెల మా కాలేజీలో పనిచేసే ఒకాయన కొత్త ఇంట్లో పాలు పొంగించారు. భోజనాలయ్యాక మమ్మల్నందరినీ ముందుగదిలోకి పిలిచి, ఈ మధ్యే తెప్పించుకున్న పాటల సిస్టం చూపించారు. స్విచ్ వేయగానే దాని నెత్తిన ఉన్న గాజు వాల్వులు ఎర్రగా వెలిగాయి. కాసేపటికి గదిలో ఒక వాసన తేలింది. వేడెక్కిన గాజు మీద సన్నటి దుమ్ము మాడే వాసన. ఎన్నో ఏళ్ళ తర్వాత ముక్కుకు తగిలినా వెంటనే పోల్చుకున్నాను. పాట మొదలైంది. లోపల పసిపిల్ల నిద్రపోతోందని ఆయన భార్య శబ్దం కాస్త తగ్గించబోయి మీట వైపు చెయ్యి చాచింది. “నువ్వు ముట్టుకోకు, నేను చూస్తాగా” అన్నారాయన, నవ్వుతూనే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని తనూ నవ్వింది. వచ్చినవాళ్ళూ నవ్వారు. నాకు మాత్రం చేతిలో తాంబూలం అక్కడే పడేసి వచ్చేయాలన్నంత కోపం వచ్చింది. శుభమా అని పిలిచిన ఇంట్లో అంత కోపం తెచ్చుకోకూడదని తెలుసు. అయినా వచ్చింది, ఆటో ఎక్కాక కూడా తగ్గలేదు. ఆ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నరసరావుపేటలో అనసూయమ్మ గారి మేడ మీద అద్దెకున్న రోజుల్లో వచ్చింది.

నేను బొల్లాపల్లి వైపు మెట్ట పొలాల్లో పెరిగిన పిల్లను. చదువు అయిపోయి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఉద్యోగం రాగానే పేటలో ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. పెళ్ళికాని పిల్లకు ఇల్లివ్వడానికి నలుగురైదుగురు వెనకాడారు. అనసూయమ్మ గారు మాత్రం నా మొహం చూసి, “మీ నాయన ఏం పండిస్తాడే?” అని అడిగారు. కంది, మిరప అన్నాను. “సరే, మిరపకాయలు తెచ్చిపెట్టు. తాళం తీసుకో” అన్నారు. అప్పటికామె ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి. నడక వేగం. గొంతు మాత్రం నాలుగు గదులకు వినపడేది. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

ఆమె భర్త రామకోటయ్య గారికి పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీలుండేవి. పొద్దున్నే తెల్లచొక్కాతో వెళ్ళి, సాయంత్రానికి ఇంకా తెల్లగా, కనుబొమల మీద కూడా సున్నం దుమ్ముతో వచ్చేవారు. నెమ్మదైన మనిషి. నాకు జ్వరం వస్తే ఆయనే కారు తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడడం నేను వినలేదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇకమీదట చెప్పబోయేది చదివి ఆయన్ని దుర్మార్గుడు అనుకునే ప్రమాదం ఉంది. ఆయన దుర్మార్గుడు కాడు. నా కోపమంతా అక్కడే ఉంది. దుర్మార్గుడైతే అనసూయమ్మ గారు మొదటి ఏడాదే తిరగబడి ఉండేవారు.

ఆ ఇంట్లో ముందుగది ఆయన పాటల గది. ఏసీ ఉన్న గది అదొక్కటే. కిటికీలకు మందపాటి తెరలు, కింద తివాచీ, గోడవారగా మనిషెత్తు స్పీకర్లు రెండు. వాటి మధ్య ఒక బల్ల మీద వరసగా పెట్టెలు. పాటను అందుకునే పెట్టె ఒకటి, దాని బలం పెంచేవి రెండు, వాటికి కరెంటు శుభ్రం చేసి ఇచ్చేది మరొకటి. బొటనవేలంత లావు కేబుళ్ళు. ఆ పెట్టెలను వేసే వరస ఒకటుంది, ఆపే వరస ఒకటుంది. ఆ వరస ఆయనకు తెలుసు. ఆదివారం పూట వచ్చే ఆయన స్నేహితుల్లో ఒక డాక్టరు గారికి తెలుసు. గది ఎదురుగానే రోజంతా తిరిగే ఇల్లాలికి తెలియదు.

తెలుసుకోవాలని ఆమె అడగలేదా అంటే, అడిగారట. పెళ్ళయిన కొత్తలో అడిగారు. అప్పుడింత లేదు, చిన్నదేదో ఉండేది. “నీకెందుకే ఈ తలనొప్పి, నేను పెడతాగా” అన్నారట ఆయన. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ ప్రేమగానే. ఆయన పెట్టినప్పుడు ఆమెను సరిగ్గా గది మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, “ఎడమ పక్క తాళం మోగింది, విన్నావా? ఆ వయొలిన్ వెనకెక్కడో ఉంది, తెలుస్తోందా?” అని అడిగేవారట. “పాట వింటున్నట్టు ఉండేది కాదే, పరీక్ష రాస్తున్నట్టు ఉండేది” అన్నారు ఒకసారి నాతో. “నేను పిల్లలకి పెట్టేదాన్నే పరీక్షలు. ఇంటికొచ్చి నేను రాయాలా?” అలా ఆ కుర్చీలో కూర్చోవడం మానేశారు.

పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేడియో ఒకటి వంటింట్లో ఉండేదట. ఆమెది ధరణికోట. వాళ్ళ నాన్న ఆ రేడియోను వీధి వైపు గూట్లో పెట్టి, మిరపకాయలు ఏరే ఆడవాళ్ళందరికీ వినపడేలా మోగించేవాడట. ఆ రేడియోను రామకోటయ్య గారు బట్టీల దగ్గర కాపలావాడికి ఇచ్చేశారు. “అది పాట కాదు, గోల. మంచి శబ్దం విన్న చెవులు దాంతో పాడవుతాయి” అన్నారట. ఆమె చెవుల మంచికోరే ఇచ్చేశారు, మరి.

వంటింటి సంగతి ఇంకా చెప్పాలి. ఆయన పాటలు వింటున్నంతసేపు మిక్సీ వేయకూడదు. కరెంటు లైనులో చప్పుడు చేరుతుందట. కుక్కరు విజిల్ వేయకూడదు. అందుకని ఆదివారాలు ఆమె అన్నం గిన్నెలో వండి గంజి వార్చేవారు. పచ్చడి రోట్లో కూడా నూరకూడదు, గోడ అదురుతుంది. స్నేహితులు వచ్చే పూట కనుక వాళ్ళకు పెసరట్లూ అల్లప్పచ్చడీ కావాలి. అందుకని తెల్లారకముందే అన్నీ రుబ్బి పెట్టుకునేవారు. డాక్టరు గారు, ఒక లాయరు గారు, బ్యాంకులో మేనేజరుగా చేసి మానేసినాయన వచ్చి, కళ్ళు మూసుకుని కూర్చునేవారు. ఒక ఆదివారం కాఫీలందించడానికి నేనూ వెళ్ళాను. లాయరు గారు కళ్ళు తెరిచి, “మీరు అదృష్టవంతులండీ అనసూయమ్మ గారూ. ఇంత సంగీతం ఇంట్లోనే” అన్నారు.

“అవునండి, గోడ అవతలికి ధబ ధబ బాగానే వినపడుద్ది” అన్నారామె.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ట్రే పట్టుకుని బయటికొచ్చాక, “తలుపు మెల్లగా వెయ్యి” అని మాత్రం నాతో అన్నారు.

రామకోటయ్య గారు ఒకరోజు బట్టీల దగ్గరే కుప్పకూలారు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయారు. దినవారాలు అయ్యాయి. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు మాధవి కొన్నాళ్ళుండి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అనసూయమ్మ గారు మెట్ల కింద నిలబడి నన్ను పిలిచారు. “ఏమే సుజాతా, కిందికి రా. అమ్మ పాట విందాం.”

వాళ్ళమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. పోయే కొన్ని నెలల ముందు మేనకోడలెవరో ఆ ముసలావిడ చేత ఒక దంపుడు పాట పాడించి, ఫోన్‌లో రికార్డు చేసి పంపింది. అనసూయమ్మ గారు దాన్ని ఫోన్‌లోనే చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. దోమ పాడినట్టు సన్నగా వినిపించేది. “మా అమ్మ గొంతు ఇట్టా ఉండదే. వడ్లు దంచేటప్పుడు పాడితే ఆ చివర పాకలో గేదెలు తలెత్తి చూసేయి” అనేవారు. ఇంట్లో అంత పెద్ద సిస్టం ఉండగా అమ్మ గొంతు ఒక్కసారి అసలు ఉన్నంత పెద్దగా వినాలని ఆమె కోరిక.

ఇద్దరం ఆ పెట్టెల ముందు నిలబడ్డాం. ఒక మీట నొక్కితే నీలం దీపం వెలిగింది. ఇంకోటి నొక్కాం. వాల్వులు ఎర్రబడ్డాయి, ఆ దుమ్ము మాడే వాసన వచ్చింది. మూడోది నొక్కగానే స్పీకరులోంచి ధబ్బుమని ఎవరో లోపలి నుంచి తన్నినట్టు శబ్దం వచ్చింది. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకున్నారు. నేను గబగబా మెయిన్ ఆపేశాను. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, “ముట్టుకోకండి చెల్లెమ్మా, అసలు ముట్టుకోకండి. ఆదివారం మేం వచ్చి చూస్తాం” అన్నారు.

ఆదివారం వచ్చారు. అన్నీ చూసి, ఏమీ కాలేదని తేల్చి, స్నేహితుడికి ఇష్టమైన కచేరీ ఒకటి పెట్టుకుని విన్నారు. నిజంగానే ఏడ్చారు. అబద్ధం చెప్పను, డాక్టరు గారి కళ్ళజోడు తడవడం నేను చూశాను. పై ఆదివారం మళ్ళీ వచ్చారు. ఆ పై ఆదివారం కూడా. అది అలవాటుగా మారింది. రామకోటయ్య గారి స్మృతి అన్నారు దానికి. కుర్చీలు అవే, కాఫీలు అవే. కుక్కరు మళ్ళీ మూగబోయింది. “మూడు రోజులకోసారైనా వేడి చేయకపోతే వాల్వులు పాడవుతాయి చెల్లెమ్మా” అని చెప్పి, ముందుగది వీధి తలుపు తాళంచెవి ఒకటి డాక్టరు గారు తన దగ్గర పెట్టుకున్నారు. నేను మేడ దిగేసరికి ఒక్కోరోజు గదిలో ఏసీ వేసి ఉండేది, ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉండేవారు. ఆ గదికి అనసూయమ్మ రామకోటయ్య స్మారక శ్రవణ మందిరం అని పేరు పెట్టాలని కూడా ఒక మాట నడిచింది. ఆమె పేరు ముందు వేశారు కదా అని లాయరు గారు దాన్నొక గౌరవంగా చెప్పారు.

“ఎందుకు ఊరుకుంటున్నారు పిన్నిగారూ?” అని అడిగాను.

“ఏడుస్తున్నారే. ఏడ్చేవాళ్ళని ఎట్టా పొమ్మంటాం?” అన్నారు.

ఒక ఆదివారం ఆమె తనంతట తానే ఆ గదిలోకి వెళ్ళి, ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నేను గుమ్మంలో ఉన్నాను. “అన్నయ్యగారూ, ఇందులో మా అమ్మ పాడింది ఒకటుంది. దీంట్లో పెట్టి వినిపిస్తారా?” అని అడిగారు. టీచరు గొంతు కాదు అది. అంత మెత్తగా ఆమె ఎవరినీ అడగడం నేను చూడలేదు.

డాక్టరు గారు ఫోన్ అందుకోలేదు. దానివైపు చూసి ఇబ్బందిగా నవ్వారు. “ఫోన్ రికార్డింగు చెల్లెమ్మా, దీనికి పనికిరాదు. ఈ సిస్టం తప్పులన్నీ పైకి చూపిస్తుంది. వినలేరు మీరు.”

“ఎట్టా ఉన్నా వింటాను.”

“అది కాదు. కోటయ్య ఉంటే దీని మీద అలాంటివి పెట్టనిచ్చేవాడా చెప్పండి. ఈ సిస్టంకే అవమానం.”

ఆయన ఆ మాట చాలా సౌమ్యంగా అన్నారు. మేనేజరు గారు తల ఊపారు. అనసూయమ్మ గారు ఫోన్ కొంగున చుట్టుకుని వంటింట్లోకి వచ్చేశారు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె వాటిలో కాఫీ పొడి వేయలేదు. స్టవ్ కట్టేశారు. “ఏమే, విన్నావా? అవమానం సిస్టంకంట” అన్నారు. ఆ రోజు ఆ ముగ్గురికీ రెండో కాఫీ వెళ్ళలేదు. వాళ్ళు గమనించారో లేదో తెలియదు.

మర్నాడు నాకు క్లాసులు లేవు. ఇద్దరం కలిసి బస్టాండు దగ్గరున్న మస్తాన్ షాపుకు వెళ్ళాం. టీవీలు, రేడియోలు బాగుచేసి, చిన్న చిన్నవి అమ్మే షాపు. అతని అక్కలు అనసూయమ్మ గారి దగ్గర చదువుకున్నారు. “టీచరుగారూ, మీరు రావడమేంది, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా” అని కుర్చీ తుడిచి వేశాడు.

“నాకొక యాంప్లిఫయర్ కావాల. నేనే వెయ్యాల, నేనే ఆపాల. ఫోన్‌లో పాట దాంట్లో రావాల. అంతకు మించి దానికేమీ తెలవకూడదు” అన్నారామె.

మస్తాన్ నవ్వి, టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్దదైన నల్లటి పెట్టె తీసి ముందు పెట్టాడు. ఒక స్విచ్, ఒక గుండ్రటి మీట. ఆమె అక్కడే స్విచ్ వేశారు. మళ్ళీ ఆపారు. మళ్ళీ వేశారు. మీట తిప్పి చూశారు. “మరి సార్ సిస్టం ఏం చేస్తారు టీచరుగారూ?” అని అతనడిగితే, “కొనేవాళ్ళుంటే చెప్పు. ఎవరికీ తెలవకుండా కాదు, పగలే రమ్మను” అన్నారు.

విజయవాడ నుంచి ఒక డీలరు మనుషులను, వ్యానును తీసుకుని పట్టపగలు వచ్చాడు. ఎంతకు అమ్మారో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. స్పీకర్లకు దుప్పట్లు చుట్టి నలుగురు మోసుకుపోతుంటే వీధిలో జనం శవాన్ని చూసినట్టు లేచి నిలబడ్డారు. ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, “గడప చూసుకోండయ్యా” అని చెప్తూ ఉన్నారు. గది ఖాళీ అయ్యాక మేమిద్దరం తెరలు దించాం. కిటికీ రెక్కలు ఏళ్ళ తరబడి తెరవక బిగుసుకుపోయాయి. పచ్చడి బండతో కొడితే గానీ ఊడిరాలేదు. ఊడగానే వీధంతా లోపలికి వచ్చింది. పూలమ్మాయి కేక, బస్సు హారన్, ఎదురింటి వాళ్ళ కుళాయి తగువు. అటక మీద రామకోటయ్య గారు ఎప్పుడో పక్కన పెట్టేసిన చిన్న స్పీకర్లు రెండుంటే దించాం. మస్తాన్ వచ్చి తగిలించి వెళ్ళాడు.

ఆమె స్విచ్ వేసి, ఫోన్‌లో అమ్మ పాట పెట్టి, మీట మెల్లగా తిప్పారు. డాక్టరు గారు చెప్పింది నిజమే, అన్ని తప్పులూ వినిపించాయి. కోడి కూత, ఎవరో దగ్గడం, ఊపిరందక ముసలావిడ చరణం మధ్యలో ఆగిపోవడం. ఆగిపోయిన చోట అనసూయమ్మ గారు అందుకున్నారు. మూడేళ్ళుగా నేనా ఇంట్లో ఉన్నాను. ఆమె పాడగలరని నాకు తెలియదు.

ఆదివారం ఆ ముగ్గురూ వచ్చారు. అప్పటికి కుక్కరు రెండో విజిల్ వేసింది. ముందుగది కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక స్టూలు మీద నల్లపెట్టె, దాంట్లో ఏదో పాత పాట. తివాచీ మీద స్పీకర్లున్న చోట చతురస్రాల అచ్చులు మాత్రం మిగిలాయి. డాక్టరు గారు వచ్చి ఆ అచ్చుల మధ్య నిలబడ్డారు.

“ఎక్కడ?” అన్నారు.

“అమ్మేశాను అన్నయ్యగారూ.”

“మాకు ఒక్క మాట చెప్పి ఉంటే మేమే తీసుకునేవాళ్ళం కదా.”

“చెప్తే అమ్మనిచ్చేవాళ్ళా?”

ఆయన మొహం ఎర్రబడింది. “మీరు వాణ్ణి రెండోసారి చంపారు చెల్లెమ్మా” అన్నారు.

ఆ మాట పడగానే నేను అనసూయమ్మ గారి పక్కకు వచ్చి నిలబడ్డాను. ఆమె తూలిపోతారేమో అనుకున్నాను. ఆమె ముందు స్టూలు దగ్గరికి వెళ్ళి పాట ఆపారు. అప్పుడు మాట్లాడారు. గొంతు పెంచలేదు.

“కోటయ్య గారు పోయినకాడ నుంచి ప్రతి ఆదివారం వస్తున్నారు మీరు. ఆయన గురించి నన్ను ఒక్కమాట అడిగారా? బల్లి కనపడితే మంచమెక్కేవాడు. తెలుసా మీకు? మాధవి పుట్టినప్పుడు నాకు బాలింత జ్వరమొస్తే నా జుట్టు ఆయనే దువ్వేవాడు, చిక్కు తీయడం చేతగాక ఏడ్చేవాడు. తెలుసా? కేబుళ్ళు ఎట్టా ఉన్నయ్యని అడిగారు, వాల్వులు ఎట్టా ఉన్నయ్యని అడిగారు. ఆ పెట్టెల్లో లేడన్నయ్యగారూ ఆయన. ఉంటే నేను అమ్ముకుంటానా?”

ఆమె డాక్టరు గారి ముందుకు వచ్చి నిలబడ్డారు.

“ఆయన మంచోడే. కానీ నా ఇంట్లో నన్ను పాట పెట్టుకోనివ్వలేదు. అది ఆయనతో తేల్చుకోవాల్సిన సంగతి, తేల్చుకునేలోపే పోయాడు. మీతో మాత్రం తేల్చుకుంటా. నా గది తాళంచెవి ఇయ్యండి.”

డాక్టరు గారు జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఆ ఒక్క చెవిని విడదీయడానికి కాసేపు తంటాలు పడ్డారు. దాన్ని స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయారు. లాయరు గారు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, “వస్తామమ్మా” అన్నారు. “పెసరట్టు తిని పోండి, పిండి ఉంది” అన్నారామె, మామూలుగానే. ఆయన ఆగలేదు.

ఊరు ఊరుకుంటుందా? మొగుడు పోయి ఏడాది తిరగలేదు, ఆయన ప్రాణంగా చూసుకున్నవి పాత సామాన్లు అమ్మినట్టు అమ్మేసింది అన్నారు. పాటలు పెట్టుకుని కిటికీలు తెరుచుకుంటోంది అన్నారు. పోయినాయన మిక్సీ వేయనివ్వలేదన్న సంగతి ఎవరికీ తప్పుగా తోచలేదు. డాక్టరు గారు క్లబ్బులో “గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన” అన్నారని ఎవరో మోసుకొచ్చారు. నేను రగిలిపోయాను. అనసూయమ్మ గారు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. తలెత్తలేదు. “గాడిదే గదా ఇన్నేళ్ళు మోసింది” అన్నారు.

మాధవి కూడా ఫోన్‌లో తల్లిని నిలదీసింది. నాన్న జ్ఞాపకాన్ని అలా ఎలా వదిలించుకుంటావని ఏడ్చి, సెలవు పెట్టి బయల్దేరి వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను మెట్ల మీద కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. ఆటో దిగి, పోట్లాడాలని మొహం బిగించుకుని లోపలికి వెళ్ళిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల ఆ దంపుడు పాట మోగుతోంది. తల్లి దాంతో కలిసి పాడుతూ కందిపప్పు చెరుగుతోంది. పాట అయిపోయేదాకా మాధవి కదల్లేదు. “అమ్మా, నువ్వు పాడతావా?” అంది.

“పాడేదాన్ని” అన్నారు అనసూయమ్మ గారు.

ముప్పై ఏళ్ళు దాటిన కూతురు తల్లిని అడగాల్సిన ప్రశ్నేనా అది? అప్పుడు మాధవి సంచి కింద పెట్టి నేల మీద కూలబడింది. పోట్లాట ఏమైందో తెలియదు గానీ, ఆ సాయంత్రం నాక్కూడా పిలుపొచ్చింది. మాధవి ఆ పాట తన ఫోన్‌లోకి ఎక్కించుకుంటూ, అర్థంకాని మాటలు ఒక్కొక్కటే తల్లిని అడుగుతోంది.

అనసూయమ్మ గారు రెండేళ్ళ క్రితం పోయారు. అప్పటికి నాకు పెళ్ళయి వేరే ఇంటికి మారాను. సంతాప సభ ఆమె పనిచేసిన స్కూల్లోనే పెట్టారు. డాక్టరు గారు వచ్చారు, బాగా ముసలివారయ్యారు. మైకు తీసుకుని, “భర్త సంగీతాభిరుచికి జీవితాంతం అండగా నిలిచిన ఉత్తమ ఇల్లాలు” అన్నారు. జనం చప్పట్లు కూడా కొట్టారు. ఆయన మోసం చేయాలని అనలేదు. ఆయనకు ఆమె అలాగే గుర్తుంది, అంతే. మనిషి ఎదురుగా నిలబడి అంత చెప్పినా చెవికెక్కలేదు. మంచి శబ్దం విని విని అరిగిన చెవులు కాబోలు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నేను ఆమె సిస్టం అమ్మిన సంగతి, ఎందుకు అమ్మారో ఆ సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సభలో గుసగుసలు మొదలయ్యాయి. పోయినావిడ పరువు తీస్తున్నానన్నట్టు ఒకరిద్దరు చూశారు. మాధవి మాత్రం మొదటి వరసలో నిటారుగా కూర్చుని నా మొహంలోకే చూస్తూ ఉంది.

మా కాలేజీ ల్యాబులో ఒక మంచి మైక్రోస్కోపు ఉంది. నేను చేరినప్పుడు అది బీరువాలో, గుడ్డ కప్పి, తాళం వేసి ఉండేది. తనిఖీకి ఎవరైనా వస్తే బల్ల మీదికి వచ్చేది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ లోపలికి. పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి జీవకణం గీసేవాళ్ళు. అనసూయమ్మ గారి ముందుగది ఖాళీ అయిన ఏడాదే నేను మా హెడ్ ముందు నిలబడి ఆ బీరువా తాళం అడిగాను. “మీకు వాడడం వచ్చా అమ్మా?” అన్నారాయన. “రాకపోతే నేర్పండి సార్. మీకూ రాకపోతే ఇద్దరం నేర్చుకుందాం” అన్నాను. ఇప్పుడు ఆ ల్యాబు నా చేతిలో ఉంది. మైక్రోస్కోపు బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ఈ ఏడాది అచ్చంపేట నుంచి వచ్చే పిల్ల ఒకతె తొందరలో స్లైడు పగలగొట్టి లెన్సు మీద గీత పెట్టింది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఎవరు పాడుచేశారని అడిగారు. ఇన్నేళ్ళు భద్రంగా ఉన్న వస్తువు అన్నారు.

“ఇన్నేళ్ళు ఎవరూ చూడని వస్తువు సార్. ఇప్పుడు చూస్తున్నారు. చూస్తే గీతలు పడతాయి” అన్నాను.

“మీరు కోపంగా మాట్లాడుతున్నారు మేడమ్” అన్నారాయన.

“అవును సార్” అన్నాను.